అత్త మూటలో రాయి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. దూరంగా ఉంటే నా గొంతు అందదు, అందాలని అరిస్తే చెప్పే మాటకు రుచి ఉండదు. చేతిలో పని ఉన్నవాళ్ళు చేసుకుంటూనే వినండి. చింతపండు గింజ తీసేవాళ్ళు తీస్తూనే ఉండండి, నా మాటకు చెవులు చాలు. నేను బడికి పోయింది తక్కువ, చూసింది మరిచిపోయింది ఇంకా తక్కువ.

అప్పటికి ఇది ఇంకా బస్తరు రాజ్యమే. మా ఊరు మద్దేడుకు పక్కన, అడవి అంచున. మా రాజు జగదల్‌పూర్‌లో ఉండేవాడట, మేం ఎన్నడూ చూడలేదు. గోదావరి అవతల ఒడ్డు నిజాం రాజ్యం. ఇప్పుడు మీరు పొద్దున బస్సెక్కి పోయి మాపటికి తిరిగి వస్తున్నారు గానీ, మాకు అది పరదేశం. అక్కడి జవాను తొడుక్కున్న చొక్కా వేరు, అక్కడి రూపాయి మీద బొమ్మ వేరు. అడవి మాత్రం ఒక్కటే, అవతలి కోయవాళ్ళకూ మా దోర్లవాళ్ళకూ మాట కలిసేది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తే మా ఒడ్డు నుంచి కూడా జనం కదిలేవాళ్ళు. పొలం పని, అడవి పని అన్నీ ఆపేసి పోయేది అదొక్కటే.

నాకు తొలుచూలు ఆడపిల్ల. ఏడాది నిండీ నిండకముందే జ్వరం పట్టుకుంది, దాని వెనకనే విరేచనాలు. మా ఊరి వడ్డె, అంటే పూజారి, వచ్చి మంత్రం వేసిండు, వేరు అరగదీసి పోసిండు. పిల్ల పాలు తాగడం మానేసింది. ఏడిస్తే బయటికి వినబడని గొంతు. నేను దాన్ని ఒడిలో పెట్టుకుని, ఊపిరి ఉందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

మా అత్త ఆ పొద్దు లేచింది. మూలనున్న కావడి బద్ద తీసి, రెండు కొసలకూ ఉట్లు కట్టి, వాసానికి వేలాడదీసింది. వాగుకు పోయి ఒడినిండా రాళ్ళు ఏరుకొచ్చింది. నా ఒడిలోంచి పిల్లను తీసుకుని ఒక ఉట్టిలో పడుకోబెట్టింది. రెండో ఉట్టిలో ఒక్కొక్క రాయి పెట్టి చూసింది. ఇది ఎక్కువ, ఇది తక్కువ అని పక్కన పడేస్తూ వచ్చింది. నల్లగా, నున్నగా, గుమ్మడికాయంత రాయి ఒకటి పెడితే బద్ద కదలకుండా నిలబడ్డది.

అప్పుడు చేతులు జోడించింది. "తల్లీ సమ్మక్కా, సారక్కా. ఈ బిడ్డను నిలబెడితే ఈ బిడ్డ ఎత్తు బంగారం తెచ్చి మీ గద్దె కాడ పోస్త."

బంగారమంటే బెల్లమే. ఆ తల్లుల దగ్గర బెల్లాన్ని బెల్లం అనరు.

పిల్ల బతికింది. మూడో పొద్దుకు పాలు తాగింది. మా అత్త ఆ రాయిని కడిగి, పసుపు రాసి, దూలం మీద పెట్టింది. పక్కింటి వదినె వచ్చి చూసి మూతి తిప్పింది.

"ఆడపిల్లకా ఎత్తు బంగారం? రేపు మనవడు పుడితే ఏం మొక్కుతవు అత్తా, ఇల్లు మొక్కుతవా?"

"మనవడు పుట్టినప్పుడు చూద్దాం తియ్యి. ఇప్పుడు ఇంట్ల ఉన్నది ఇదే" అన్నది మా అత్త.

అప్పటి సంది జాతర వచ్చేదాకా ఆమె కూడబెట్టింది. మొక్కు డబ్బు విషయంలో ఆమెకు గట్టి పట్టింపు. మొక్కినవాళ్ళ రెక్కల మీద రావాలి, కొడుకును అడగకూడదు, అప్పు అసలే తేకూడదు. ఎండాకాలం తెల్లవారకముందే ఇప్పపూలకు పోయేది. సారపప్పు కొట్టేది. అవి అంగట్లో అమ్మి వచ్చిన దాంట్లోంచి కొంత తీసి కొంగున ముడి వేసేది. ఒకసారి ఆ రాయిని కూడా అంగడికి మోసుకుపోయింది, దాని ఎత్తు బెల్లానికి ఎంతవుతుందో తెలుసుకుందామని. బెల్లం సేఠు ఆ రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్ళ వ్యాపారంల రాయిని తూచమని వచ్చిన బేరం నీదొక్కటే అవ్వా" అన్నడట. తూచి చెప్పిండు. మా అత్త ఆ లెక్కకు సరిపోయేదాకా ఆగలేదు.

జాతర దగ్గరికి వచ్చింది. మా ఇంటాయన బండి కట్టిండు. మా అత్త రాయిని పాత చీర ముక్కలో మూటగట్టి ముందుగా దాన్నే బండిలో పెట్టింది.

"అమ్మా, రాయి ఎందుకు?"

"మొక్కింది దీని ఎత్తే గద."

"అంత బరువు రాయిని అక్కడిదాకా మోసే బదులు అంత బరువు బెల్లమే ఇక్కడ కొనుక్కుని మోయొచ్చు గద."

"బెల్లానికి నాకా మీద సుంకం అడుగుతరు. దారి పొడుగూత చీమలు పడతయి. రాయికి సుంకం లేదు, చీమలు పట్టవు."

మా ఇంటాయన ఎడ్ల వైపు తిరిగి నవ్వుకున్నడు. నేనూ నవ్విన. కానీ మా ముగ్గురిలో ఒక్కరికైనా అసలు సంగతి తట్టలేదు చూడండి. పిల్ల అప్పటికి ఇల్లంతా ఉరుకుతోంది. కోళ్ళను తరుముతోంది. నా చంకనెక్కితే నడుము వంగిపోతోంది. అయినా మా మనసులో ఆ పిల్ల బరువంటే ఆ రాయే. కళ్ళ ముందర రోజూ పెరిగే పిల్ల పెరిగినట్టే కనబడదు.

గోదావరి రేవు కాడ మా ఇంటాయన బండి ఆపిండు. ఎడ్లను అవతలికి తోలితే నాకావాళ్ళు జామీను అడుగుతరని, ఇవతలే ఉంటానన్నడు. మా ఊరివాళ్ళు కొందరు, పక్కింటి వదినెతో సహా, తోడుగా ఉన్నరు కాబట్టి భయం లేదు. మేం దోనెలో దాటినం.

అవతలి ఒడ్డున నాకా. అంటే సుంకం చూసే చోటు. తాటాకు పందిరి కింద జవాను ఒకాయన అందరి మూటలూ విప్పించి చూస్తున్నడు. మా అత్త మూట విప్పింది.

"ఇదేంది?"

"రాయి."

"అది కనబడుతనే ఉంది. ఏం రాయి?"

"నా మనవరాలు" అన్నది మా అత్త.

జవాను నా చంకలోని పిల్లను చూసిండు. "మరి ఇదెవరు?"

"అదీ నా మనవరాలే."

ఆయన తురకంలో పక్కవాడికేదో చెప్పి నవ్విండు. "పో అవ్వా. ఇద్దరినీ జాగ్రత్తగ తీసుకపో" అన్నడు.

నాకా దాటినంక చాప పరుచుకుని ఒక సావుకారు కూర్చున్నడు, రూపాయలు మార్చే ఆయన. మా రూపాయి కల్దారు రూపాయి, దాని మీద తెల్లదొరల రాజు తలకాయ. వాళ్ళది హాలీ రూపాయి, నాలుగు మినార్ల బొమ్మ. మా అత్త రూపాయలు ఇస్తే ఆయన అన్ని రూపాయలూ తిరిగి ఇచ్చి, పైన కొంత చిల్లర కూడా చేతిలో పెట్టిండు. మా రూపాయికి అక్కడ విలువ కొంచెం ఎక్కువట. మా అత్త ఆశ్చర్యపోయింది. ఆ చిల్లరను వేరే ముడి వేసి, "చూసినవా, తల్లి దారి ఖర్చు ముందే పంపింది" అన్నది. పైన వచ్చిన పైసలు లాభం అనుకున్నం మేము. వాళ్ళ ఒడ్డున ధరలు కూడా వాళ్ళ రూపాయికి తగ్గట్టే ఉంటాయని తోచలేదు. ఆ లాభం కాస్తా దారిలోనే అయిపోయింది. పిల్లకు గిలక్కాయ, నాకు ఎర్రగాజులు, తనకు తమలపాకులు. మా ఊరి రాగి పైసలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. పేలాలామె నా చేతిలోవి చూసి తిరిగి నా చేతిలోనే పెట్టింది. "ఇవి మీ ఒడ్డున చెల్లుతయి బిడ్డా. ఈడ పిల్లలు ఆడుకోవాల్సిందే."

నడుచుకుంటూ, అలసిపోతే ఎవరి బండో ఎక్కుతూ మేడారం చేరినం. వాగులో స్నానం చేసినం. ఎటు చూసినా బండ్లు, పొయ్యి పొగలు, దుమ్ము, బెల్లం వాసన, ఆ బెల్లం మీద ఈగలు. తల్లులిద్దరూ గద్దెల మీదికి వచ్చిన్రు. మరునాటి మాపటికి తిరిగి అడవికి పోతరు. ఆలోపలే మొక్కులు తీరాలి. తీరకపోతే మళ్ళీ రెండేళ్ళు.

బెల్లం అంగళ్ళ కాడ వెదురు గుంజలు మూడు కట్టి పెద్ద తక్కెడ వేలాడదీసిన్రు. తలకు తువ్వాల చుట్టుకున్న బెల్లపాయన ఒక పళ్ళెంలో పిల్లనో పెద్దనో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో బెల్లం దిమ్మెలు పేరుస్తున్నడు. మా వంతు వచ్చింది. మా అత్త మూట విప్పి రాయిని పళ్ళెంలో పెట్టింది.

"అవ్వా, బిడ్డనెక్కించు" అన్నడు ఆయన.

"ఇదే బిడ్డ. మొక్కిన పొద్దు తూచి పెట్టిన. ఇగ దీని ఎత్తు తూచు."

వెనక వరసలో చంటిపిల్లతో ఉన్న ఒక ఆడమనిషి ముందుకు వంగి చూసింది. కొట్లాటకు కాదు, ఊరికే తెలుసుకుందామనే అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు మొక్కింది రాయికా, పిల్లకా?"

బెల్లపాయన, "నాదేముంది. రాయిని పెట్టినా తూస్త, పిల్లను పెట్టినా తూస్త. మొక్కు నీది" అన్నడు.

మా అత్త నా వైపు తిరిగింది. "కోడలా, ఆ పొద్దు నా నోట ఏమొచ్చింది?"

నాకు ఆ మాట మరుపు వస్తుందా? "ఈ బిడ్డ ఎత్తు అన్నవు అత్తా."

"అవు. రాయి అనలే." తర్వాత నా చంకలోంచి పిల్లను అందుకుని, రాయి ఒక పళ్ళెంలోనే ఉంచి, పిల్లను రెండో పళ్ళెంలో కూర్చోబెట్టింది.

పిల్ల పళ్ళెం దబ్బున కిందికి దిగింది. రాయి పళ్ళెం ఎగిరి గుంజకు తగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్విన్రు, పిల్ల కూడా చప్పట్లు కొట్టింది. నేను మా అత్త ముఖం చూసిన. అంత సంతోషం ఆ ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు. దాని వెనకనే భయం కూడా వచ్చింది. కొంగున ఉన్నది రాయి ఎత్తుకే. పిల్ల ఆ రాయి మీద ఇంకో సగం రాయి బరువుంది.

పక్కకు వచ్చి ఒక బండి నీడన కూర్చున్నం. పక్కింటి వదినెకు సంగతి తెలిసి కొంగు ముడి విప్పబోయింది.

"తక్కువబడ్డది నేనిస్త అత్తా. ఊరికి పోయినంక ఇద్దువు."

"వద్దే. అప్పు బంగారం తల్లి ఎత్తుకోదు."

నా మెడలో అప్పుడు రూపాయల పేరు ఉండేది. వెండి రూపాయలకు కొలికి అతికించి దారానికి గుచ్చింది. మా అమ్మ పెండ్లిలో వేసింది. దాన్ని ముందుకు లాగి, "ఒక్క బిళ్ళ తీస్తే అయిపోతది" అన్న. కొలికి ఉన్న రూపాయి రూపాయిగా చెల్లదు, వెండి ధరకే పోతుంది. పోతే పోయింది అనుకున్న.

మా అత్త నా చెయ్యి పట్టుకుని దాన్ని తిరిగి రవిక లోపలికి వేసింది. "ఇది మీ అమ్మ కష్టం. మొక్కింది నేను. ఒకరి మెడల నుంచి తీసి ఇంకొకరు మొక్కు తీర్చితే ఆ మొక్కు ఎవరి లెక్కల రాసుకుంటది తల్లి?"

నాకు కోపం వచ్చింది. దాచుకునేదేముంది. పిల్ల నాది, జ్వరంలో ఆ ముక్కు కాడ వేలు పెట్టుకుని కూర్చున్నది నేను. మొక్కు సగంలో ఆగితే మళ్ళీ ఆ జ్వరం వస్తే? అప్పుడు ఎవరి పట్టింపు దాన్ని ఆపుతుంది? ఈ ముసలామెకు తన మాట నెగ్గడమే కావాలి అనుకున్న. పైకి అనలేదు. అత్తను ఎదిరించి మాట్లాడే రోజులు కావవి. పిల్లకు పాలివ్వడానికి పక్కకు తిరిగి కూర్చున్న. ఇప్పుడు నా వయసులో ఆలోచిస్తే, ఆమెకు నాకంటే ఎక్కువ భయముండె అనిపిస్తుంది. నేను మొక్కు తీరితే చాలనుకున్న. ఆమె ఆ మొక్కు నిలబడాలని అనుకుంది.

ఆ బండికి అవతల ఒక బువ్వ అంగడి. ఓరుగల్లు వైపు నుంచి వచ్చిన లావుపాటి ఆమె నడుపుతోంది. అన్నం వండుతున్నరు గానీ పెట్టడానికి ఆకులు లేవు. తెచ్చుకున్న విస్తళ్ళు అయిపోయినయి. ఎవరో తెచ్చి ఇచ్చినవి పలచగా కుట్టి ఉన్నయి, పప్పు పోస్తే కింద కారిపోతోంది. తినేవాళ్ళు తిడుతున్నరు, ఆమె వాళ్ళను తిడుతోంది. మా అత్త చాలాసేపు అటే చూసి, లేచి పోయి, కింద పడేసిన ఒక విస్తరిని ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎవరు కుట్టిన్రమ్మా ఇది? పప్పు నీ గిరాకి తింటలేడు, భూమి తింటుంది."

"నవ్వుతున్నవా ముసలమ్మా? నీకొస్తే నువ్వు కుట్టియ్యి."

"కుడత. రేపు పొద్దెక్కేదాకా నీకు ఆకు ఆగకుండ ఇస్త. పైసలొద్దు, బంగారం ఇప్పియ్యి."

ఆమె చేతిలో గంటె ఆపి చూసింది. "ఏ ఊరు మీది?"

"బస్తరు రాజ్యం."

"మీ రాజ్యంల పైసలు చేదా?"

"మీ పైసలు మా ఒడ్డున చెల్లవు, మా పైసలు మీ ఒడ్డున చెల్లవు. బంగారం ఒక్కటే రెండు కాడ తియ్యగుంటది."

బువ్వంగడామె పెద్దగా నవ్వింది. బెల్లపాయనను కేకేసి, వీళ్ళు చెప్పినంత నా పేరు మీద తూచిపెట్టు అని ఒప్పించింది. మాకు ఎంత తక్కువబడ్డదో, దానికి ఎన్ని కట్టల విస్తళ్ళు పడతాయో ఇద్దరూ అక్కడే మాట్లాడుకున్నరు.

రాయిని వదినె కాడ ఉంచి, అడ్డాకు కోసం వాగు దాటి పోయినం. దగ్గరలో ఉన్న తీగలన్నీ జనం పీకేసిన్రు. లోపలికి పోతే మంచి తీగలు, చేటంత ఆకులు కనబడ్డయి. అక్కడ ఒక కోయ తాత మేకలు కాస్తున్నడు. మా అత్త ఆకు మీద చెయ్యి వెయ్యకముందు ఆయన దగ్గరికి పోయి, మా దోర్లమాటలో, పరాయివాళ్ళం, కోసుకోవచ్చా అని అడిగింది. మా వైపు అదొక మర్యాద. మనది కాని అడవిలో అడగకుండా ఆకు తెంపరు. తాత మమ్మల్ని, పిల్లను, అత్త చేతిలో ఖాళీ చీర ముక్కను చూసి, "కొస చిగురు వదిలిపెట్టండి" అని మాత్రం అన్నడు. తర్వాత ఆయనే కర్రతో పైన ఉన్న తీగను కిందికి వంచి పట్టుకున్నడు.

ఇగ కుట్టుడు. నడుమ పెద్దాకు, చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు ఆకులు, సన్నని వెదురు పుల్లతో లోపలికి గుచ్చి పైకి తీసి విరవాలి. మా అత్త చేతులు చూస్తే ఆకులే వచ్చి వాటంతట అవి అతుక్కుంటున్నట్టుండేది. నేను కుట్టినదాన్ని తీసుకుని రెండు వైపులా లాగి చూసి, వదులుగా ఉంటే విప్పి నా ముందు పడేసేది.

"ఇట్ల కుడితే ఆమె మళ్ళీ తిడతది. ఈసారి మనల్ని."

పక్కింటి వదినె వచ్చి పక్కన కూలబడి ఆకు అందుకుంది. మా అత్త ఆ ఆకు వెనక్కి గుంజుకుంది.

"నువ్వు కుడితే నీ కష్టమైతది. కోడలు ఈ బిడ్డను కన్నది, దానికి చెల్లుతది."

"అబ్బ, ఏం మనిషివి అత్తా. నేను ఇక్కడ కూర్చుని ఈగలు తోలాల్నా?"

మా అత్త కొంచెం ఆలోచించింది. "పుల్లలు చీల్చు. పుల్లలకు మొక్కు లేదు."

అది విని నాకు నవ్వు ఆగలేదు. అప్పటిదాకా ఉన్న కోపం ఆ నవ్వుతోనే పోయింది. వదినె కూడా నవ్వుతూ, తిడుతూ, పొద్దు గుంకేదాకా పుల్లలు చీలుస్తూనే ఉంది. ఆడపిల్లకు ఎత్తు బంగారమేంది అన్న మనిషే. పిల్ల మా కుప్ప మీద పడుకుని నిద్రపోతే దాని కింది ఆకు లాగాలంటే కూడా నెమ్మదిగా, లేవకుండా లాగింది.

తెల్లారినంక మళ్ళీ కూర్చున్నం. వేళ్ళ కొసలకు పుల్లలు గుచ్చుకుని మండుతున్నయి. విస్తళ్ళు కట్టలు కట్టి అందిస్తుంటే బువ్వంగడామె ఒకదాంట్లో నీళ్ళు పోసి ఎత్తి పట్టుకుని చూసింది. చుక్క కారలేదు. ఆ నీళ్ళు పారబోసి అందులోనే అన్నం, పప్పు పెట్టి మా ముందు జరిపింది. "ఇది కూలి కాదు లే. తినండి" అన్నది, మా అత్త నోరు తెరవకముందే.

పొద్దు వాలకముందు తక్కెడ కాడికి పోయినం. పిల్లను పళ్ళెంలో కూర్చోబెట్టినం. మా రూపాయలకు వచ్చిన బెల్లం ముందు పేర్చిండు. పిల్ల ఊయల అనుకుని ఊగుతోంది. దాని మీద మా విస్తళ్ళ బెల్లం పేర్చిండు. పిల్ల పళ్ళెం లేస్తోంది, లేస్తోంది, ఇగ సమానం అనే కాడ ఆగిపోయింది. బెత్తెడు తేడా.

బెల్లపాయన చిన్న ముక్క పెట్టిండు. చాలలేదు. "అయింది పో అవ్వా. తల్లి చూసుకుంటది" అన్నడు.

"తల్లి చూస్తనే ఉంది. అందుకే చెప్తున్న, కాలే" అన్నది మా అత్త.

మా దగ్గర ఇగ ఏమీ లేదు. రాగి పైసలు తప్ప ఏమీ లేదు. అప్పుడు బెల్లపాయన పిల్ల వైపు వంగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నడు.

"అవ్వా, ముందు నీ మనవరాలి గుప్పిట ఇప్పియ్యి."

చూస్తే పిల్ల మూతి అంతా జిగురు. కుడి గుప్పిట వీపు వెనక దాచుకుంది. ఎప్పుడు అందుకుందో, ఏ దిమ్మె నుంచి విరిచిందో, కోడిగుడ్డంత ముక్క. సగం తినేసింది కూడా. బంగారం అటు నుంచి తగ్గిస్తూ, తను ఇటు నుంచి పెరుగుతూ ఉంది మా తల్లి.

మా అత్త గుప్పిట విప్పబోతే లోకం పగిలేటట్టు ఏడ్చింది. ఏడాది పిల్లప్పుడు వినబడని ఆ గొంతే. అంత మంది జనంలో, అన్ని డప్పుల నడుమ అందరూ తిరిగి చూసిన్రు. మా అత్త వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుతూ, "ఏడువు బిడ్డా, గట్టిగ ఏడువు" అంటోంది. ఆమె కండ్లలో నీళ్ళు కారుతున్నయి, నోరు నవ్వుతోంది. ఆ ముక్కను అవతలి పళ్ళెంలో వేస్తే తక్కెడ ముల్లు నిలబడ్డది. మింగినదాని మాటేందని వదినె అడిగితే, "అది తల్లి పెట్టిన ప్రసాదం" అన్నది మా అత్త. అక్కడికి ఆమె పట్టింపు ఆగింది.

బెల్లం మోసుకుపోయి గద్దె కాడ పోసినం. జనం తోపులాటలో నేను తల్లులను సరిగ్గా చూడనే లేదు. మా అత్త వీపు ఒక్కటే కనబడ్డది. ఆ వీపును పట్టుకునే లోపలికి పోయిన, దాన్ని పట్టుకునే బయటికి వచ్చిన.

తిరుగుదారిలో గోదావరి ఒడ్డుకు వచ్చినంక వదినె అన్నది, "ఇప్పుడన్న ఆ రాయి నీళ్ళల్ల వెయ్యి అత్తా. దాని పని అయిపోయింది."

మా అత్త మూట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "ఇది లేకుంటే పిల్ల ఎంత పెరిగిందో మనకెట్ల తెలిసేది?"

దోనెవాడు మా ఒడ్డు మనిషి. ఎవరికీ అక్కరలేని మా రాగి పైసలను ఎంచకుండా తీసుకుని నడుముకు దోపుకున్నడు. అవతల బండి కాడ మా ఇంటాయన నిలబడి ఉన్నడు. మూట చూసి, "మళ్ళీ తెచ్చినవా?" అన్నడు. మా అత్త ఆ మూట ఆయన చేతిలో పెట్టింది. "పట్టు. బరువున్నది" అన్నది. పోయేటప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు దాన్ని.

ఆ రాయి మా ఇంట్లో ఇంకా ఉంది. ఊరగాయ కుండ మీద బరువుకు పెడతం. తర్వాత నాకు పుట్టిన పిల్లలందరినీ ఏడాది నిండగానే మా అత్త కావడి కట్టి ఆ రాయితో తూచింది. మనవడు కూడా పుట్టిండు, ఇల్లేమీ మొక్కలేదు. చివరికి ఆమె మంచాన పడి, తినడం మానేసినప్పుడు, లేపి కూర్చోబెట్టడానికి ఎత్తితే చేతుల్లో ఏమీ ఉన్నట్టు అనిపించేది కాదు. ఆ పొద్దు ఎగిరి గుంజకు తగిలిన పళ్ళెం గుర్తొచ్చేది నాకు. ఎత్తుతున్నది ఎవరనుకున్నరు? ఎత్తు బంగారం పోసిన పిల్లే. అప్పటికి దానికే ఇద్దరు బిడ్డలు. నాయనమ్మను ఒక్క చేత్తో వీపు కింద పట్టి లేపేది.

అంతే. ఇంత సేపు కదలకుండా విన్నరు. మీ ఇంట్లో పిల్లలు, మీరు దూలం మీద దాచుకున్న రాళ్ళన్నీ ఎగిరిపోయేటంత బరువు పెరగాలి. పరాయి ఒడ్డున మీ కొంగు ముడి ఖాళీ అయిన పొద్దు, మీ వేళ్ళకు తెలిసిన పని ఏదో ఒకటి అక్కడ దొరకాలి. మీ ఇంటి ఆకులో పోసింది కారిపోకుండా, కూర్చున్న వాళ్ళందరికీ సరిపోవాలి. చల్లగా ఉండండి, నా తల్లుల్లారా, నా అయ్యల్లారా.